కసిమి కుండ పక్కన సంగటి కుండ

శ్రీకాళహస్తిలో మా ఇంటి వాసన ఎలా ఉండేదో చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. పులిసిన పాలు, నానిన కరక్కాయ, తుప్పు, బుసబుసమని పొంగే బెల్లం నీళ్లు, వాటన్నిటి మీదుగా పొయ్యి మీంచి లేచే రాగిపిండి ఆవిరి, పెనం మీద వేగే చెనిగింజల కమ్మదనం, ఇవన్నీ కలిసి ఒకే వాసనగా గోడలకు పట్టి ఉండేవి. చుట్టాలొస్తే గడప దగ్గరే ముక్కు ముడిచేవాళ్లు. మాకు మాత్రం అట్లాంటిదొకటి ఉందనే తెలిసేది కాదు. చదువుకోడానికి తిరుపతి హాస్టల్లో చేరి మొదటి సెలవులకు తిరిగొచ్చినప్పుడు, బస్సు దిగి మా వీధి మలుపు తిరగ్గానే, అరే, ఇది మన ఇంట్లోంచే వస్తోందే అనిపించింది.

కలంకారీ అంటే అంగట్లో అద్దం వెనక మడతపెట్టిన చీరగా మాత్రమే చూసినవాళ్లకు ఈ సంగతి వింతగా ఉండొచ్చు. గాడా గుడ్డ మీద వెదురు కలంతో వేసే మా ఊరి పనికి కావలసిన సరుకులో సగం వంటింటి సరుకే. కరక్కాయలు, ఎనుము పాలు, బెల్లం, తాటిబెల్లం, పటిక, దానిమ్మ తొక్కలు. చవలకొడి వేర్లు, మంజిష్ఠ, నీలిమందు మాత్రం బయటినుంచి కొనాలి. మా ఇంట్లో ఇవన్నీ ఒకే గూట్లో, ఒకే అటక మీద ఉండేవి. రాగుల మూటకు ఆనుకుని కరక్కాయల మూట, ఉప్పు జాడీ పక్కన పటిక గడ్డ, ఉట్టిలో దానిమ్మ తొక్కలు ఎండి గలగలమంటూ. చిత్తూరు నుంచి వచ్చిన బెల్లం అచ్చును అవ్వ రోకలితో పగలగొట్టేది, మంచి ముక్కలు డబ్బాలోకి, అడుగున మిగిలే నల్లటి జిగురు ముక్కలు కుండకి. పండగ పాయసానికీ గుడ్డ మీద రాముడి కనుబొమలకీ తీపి ఒకే అచ్చులోంచి వచ్చేదన్నమాట. పసుపును మాత్రం నాయన గుడ్డకు వాడేవాడు కాదు, ఎండకు నిలవదని. అదే పసుపులో సున్నం కలిపి అవ్వ హారతి నీళ్లు ఎర్రగా చేసేది. ఆ ఎరుపు గుమ్మం ముందు ఒలకబోసేదాకా నిలిస్తే చాలు కదా.

కుండ అంటే కసిమి కుండ, నల్ల రంగు ఊరే కుండ. ఇంటెనక వేపచెట్టు నీడలో కుదురు మీద ఉండేది. అందులో ఎద్దుల లాడాలు, వంకరపోయిన మేకులు, పిడి ఊడిన కొడవలి ముక్క, ఎక్కడ ఏ తుప్పు ఇనుము దొరికితే అది. వాటి మీద చితక్కొట్టిన బెల్లం, తాటిబెల్లం, మునిగేదాకా నీళ్లు, మూతికి పాత పంచె ముక్క. నాలుగైదు రోజులకు నురుగు లేచి గుడ్డ ఉబ్బేది. ఆ తర్వాత ముక్కు పుటాలు కోసుకుపోయే పులుపు. రెండు వారాలు దాటాక నురుగు అణిగి, పైన తేటగా పాచి రంగు కలిసిన నీళ్లు నిలిచేవి. చూస్తే దానిలో నలుపు జాడే ఉండదు. కరక్కాయ, పాలు పట్టించి ఎండబెట్టిన గుడ్డ పేలిక మీద నాయన ఆ నీళ్లతో ఒక గీత గీసేవాడు. మొదట పొగ రంగు, మనం చూస్తుండగానే అంచులనుంచి లోపలికి నల్లబడుతూ, కొంతసేపటికి కాటుక. కరక్కాయ వగరులోని టానిను ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుందని తర్వాత కాలేజీలో చదువుకున్నాను. అవ్వకు ఆ మాట తెలీదు, కానీ వంటచేస్తూ వెనక తలుపులోంచి గాలి వీచినప్పుడే, “ఒరే అబ్బయా, కుండ దిగింది, మీ నాయనకు చెప్పు” అనేది. ఘాటు మిగిలిపోతే కొన్నేళ్లకు గుడ్డ సరిగ్గా గీత వెంబడే చిరుగుతుంది. అందుకే ఆ ముక్కు మీద ఇంటి సంపాదన ఆధారపడి ఉండేది.

పాల సంగతి చెప్పాలి. అది అంత తియ్యటి జ్ఞాపకం కాదు. కరక్కాయ పొడి కలిపిన చిక్కటి ఎనుము పాలల్లో గుడ్డను ముంచి, ఇద్దరు చెరో కొస పట్టుకుని పిండి, కొసలు మార్చి మళ్లీ పిండి, ఎండలో పరిస్తే లేత మీగడ రంగు తేలేది. పాలలో వెన్న ఉంటేనే కలం గీత పక్కకు పాకకుండా నిలుస్తుంది, కాబట్టి నీళ్లు కలపడానికి వీల్లేదు. మాకు పోసే పాలల్లో మాత్రం కలిపేవాళ్లు. గుడ్డలు నానేసిన రోజున మాకు నీళ్ల మజ్జిగే. “ఈపొద్దు పాలు గుడ్డకు, రేపు మీకు” అని అవ్వ అంటుంటే మా చెల్లెలు చిన్న గ్లాసు పట్టుకుని చూస్తూ ఉండేది. ఆ చూపును ఇప్పుడు కమ్మటి కథగా చెప్పడం నాకు చేతకాదు. పైగా ఆరుతున్న గుడ్డల మీద ఈగలు, వర్షాకాలంలో ఎండ లేక బూజు పట్టిన పాల కంపు, సగంలో చెడిపోయిన పనికి పావలా కూడా ఇవ్వని బేరగాళ్లు.

చింతచెట్టుకూ మా పనికీ ఉన్న చుట్టరికం మాత్రం తలుచుకున్నప్పుడల్లా బాగుంటుంది. సన్నటి చింత పుల్లలు కాల్చిన బొగ్గుతో నాయన ముందు బొమ్మ రాసుకునేవాడు. ఎక్కువగా కన్నప్పనే రాసేవాడు, మా కొండ మీది కథ కదా. తాను రుచి చూసి బాగున్న మాంసమే శివుడికి పెట్టిన కన్నప్ప, తన కన్ను తానే తీసి ఇచ్చిన కన్నప్ప. రాసిన బొగ్గు గీతల మీద కసిమి నడిచాక ఆ చెట్టు పండే దానికి శత్రువు. పులుపు తగిలితే ఆ నలుపు వెలిసిపోతుంది. అన్నం తిన్న చెయ్యి ఎంత కడిగినా, పులుసు తిన్న రోజు గుడ్డ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అదే పులుపుతో రాత్రిపూట తన వేళ్లకు అంటిన నలుపును రుద్దుకునేవాడు. గోళ్ల మూలల్లో మాత్రం అది ఎప్పటికీ పోలేదు.

చలికాలంలో అనపకాయలు వచ్చేవి. గింజలు రాత్రంతా నానేసి, పొద్దున్నే అందరం చుట్టూ కూర్చుని ఒక్కొక్కటే రెండు వేళ్ల మధ్య పితికితే తోలు వేలికే అంటుకుని, పచ్చటి పప్పు పళ్లెంలోకి ఎగిరేది. పితికిపప్పు కూర చేసే రోజున నాయన వేళ్లు పనికిరావని అవ్వ పక్కన పెట్టేది, ఎంత రుద్దినా కసిమి వగరు కూరలోకి దిగుతుందని. ఆయన ఊరికే పక్కన కూర్చుని మాకు కథ చెప్పేవాడు. వేడి సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి వేసి, పక్కన చెనిగింజల ఊరిబిండి, ఈ కూర. సంగటి ఉడుకుతుంటేనే పక్క పొయ్యి మీద పటిక నీళ్లు కాగేవి. రెంటికీ తెడ్డులు వేరువేరు, కలిశాయో అవ్వ ఊరుకునేది కాదు. నీళ్లలో పటిక చాలిందో లేదో మాత్రం నాలుక కొసతోనే చూసేది.

ఎర్ర రంగు ఉడకబెట్టేది ఆడవాళ్లే. పటిక నీళ్లు కలంతో పూసిన చోట మాత్రమే చవలకొడి, మంజిష్ఠల ఎరుపు పట్టుకుంటుంది, మిగతాది వదిలేస్తుంది. దానికంటే ముందు మిగిలిన పటిక పోవాలంటే పారే నీళ్లు కావాలి, నిలవ నీళ్లలో అయితే ఒక చోటిది ఇంకో చోటికి అంటుతుంది. అందుకే స్వర్ణముఖి పారే రోజుల్లో అమ్మా, మా చిన్నమ్మా తెల్లవారకముందే మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి గుడ్డలు ఆడించేవాళ్లు. వాళ్లు మడమల పగుళ్లలో మందు రాసుకోవడం నాకు గుర్తు. ఏరు ఎండిన నెలల్లో ఇసుకలో చెలమ తవ్వి తోడి పోసుకునేవాళ్లు. ఇప్పుడు బోరు నీళ్లు తొట్టెల్లో తిప్పుతున్నారు. వాళ్ల నడుములు గుర్తొచ్చినప్పుడు, అదే మేలు అనిపిస్తుంది.

1950ల చివర కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అఖిల భారత హస్తకళల బోర్డు మా ఊళ్లో శిక్షణ కేంద్రం పెట్టకపోతే ఈ పనే మిగిలేది కాదని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందే 2005లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. అవన్నీ న్యాయమే. నాయన బొమ్మల కింద నాయన పేరే ఉండేది, అదీ న్యాయమే. పాలు పట్టించిన చేతుల పేరు, కుండ దిగిందని పసిగట్టిన ముక్కు పేరు గుడ్డ మీద ఎక్కడ రాస్తారు, రాసే చోటే లేదు. కాస్త సంతోషమేమిటంటే, ఇప్పుడు కలం పట్టేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది.

కాబట్టి పని పోయిందని అనలేను. ఇంట్లోంచి పోయింది, అంతే. ముందు ఎనుమును అమ్మేశారు. పాకెట్ పాలల్లో గీత పాకింది, దాంతో గుడ్డ పని పాలు దొరికే వాళ్ల దగ్గరికి మారింది. గ్యాస్ పొయ్యి వచ్చాక అమ్మ దాని మీద రంగు గిన్నె పెట్టనివ్వలేదు. పొయ్యి తెల్లగా ఉండాలని ఎన్నేళ్లుగా మనసులో ఉందో, ఆమెను తప్పు పట్టడానికి నోరు రాదు. ఇంటెనక వేపచెట్టు కొట్టి గది కట్టారు. కుండ ఏమైందో ఎవరికీ గుర్తులేదు. లాడాలు పాతసామాన్లవాడికి వెళ్లి ఉంటాయి. 2022లో మా ఊరు చిత్తూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇంట్లో వాళ్లం అప్పటికే తలా ఒక ఊళ్లో ఉన్నాం.

మా చిన్నాయన కోడలు ఊరి బయట షెడ్డులో బొమ్మలేస్తుంది. ఆమె గీత మా నాయన గీతకంటే సన్నం, ఎక్కడా తొణకదు. అక్కడ కసిమి నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో ఉంటుంది, మూత మీద మార్కరుతో తారీఖు రాసి ఉంటుంది, ఆ తారీఖు లెక్క ప్రకారం తెరుస్తారు, నలుపు చక్కగానే పడుతుంది. షెడ్డుకు పాలు పల్లెనుంచి క్యానుల్లో విడిగా వస్తాయి, వాళ్లింటికి పాకెట్లు. పిల్లలు పాలు కడుపునిండా తాగుతారు. వాళ్లకు కరక్కాయ అంటే దగ్గొచ్చినప్పుడు తేనెలో నాకించే పొడి. సంగటి ఇప్పటికీ కెలుకుతారు, ఊరిబిండి మాత్రం మిక్సీలో వేస్తారు.