తమ్ముడి డిశ్చార్జి బుక్కు

మా తమ్ముడు 1987లో, తన 19వ ఏట సైన్యంలో చేరాడు. 24 సంవత్సరాలు సేవచేసి 2011లో హవల్దారుగా పదవీ విరమణ పొంది పల్నాడులోని మా ఊరికి తిరిగివచ్చాడు. ఒక ఇనుప ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, ప్లాస్టిక్ కవరులో భద్రంగా చుట్టిన డిశ్చార్జి బుక్కు - ఇవీ అతను వెంట తెచ్చుకున్నవి. ట్రంకుపెట్టెలో ఏముందో పిల్లలు ఆ సాయంత్రమే తిరగేసి చూశారు. డిశ్చార్జి బుక్కును మాత్రం అయిదేళ్ల వరకు ఇంట్లో ఎవరమూ తెరవలేదు. ఆ అయిదేళ్లలో జరిగిన నష్టంలో నా వాటా పెద్దది. అందుకే ఈ నాలుగు మాటలు రాయడానికి పూనుకున్నాను.

నిజానికి నష్టం అంతకు ముందే మొదలయింది. 2010 వేసవిలో ఒక రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. పదవీ విరమణకు ముందు చివరి రెండేళ్లలో సైనికులు బయటి జీవితానికి పనికివచ్చే కోర్సు ఒకటి నేర్చుకోవచ్చు. రక్షణ మంత్రిత్వ శాఖ కింద ఉన్న పునరావాస విభాగం దీనికి ఏర్పాట్లు చేస్తుంది. కొన్ని కోర్సులు 24 వారాల దాకా సాగుతాయి. అధికారులైతే రుసుములో 40 శాతం తామే భరించాలి. జవాన్లకు, జేసీవోలకు మొత్తం ప్రభుత్వమే చెల్లిస్తుంది. తమ్ముడి మనసు కంప్యూటర్ కోర్సు మీద ఉంది.

"భాయ్‌జాన్, నా పేరు ఇవ్వమంటారా?" అని అడిగాడు.

సరిగ్గా ఆ నెలల్లోనే మా అక్కయ్య కూతురి నికాహ్ నిశ్చయమై ఉంది. అబ్బా అప్పటికే మంచం పట్టారు. పనులు చూసుకోవడానికి ఇంట్లో మరో మగమనిషి కావాలి. "ఈ వయసులో బల్ల మీద కూర్చుని చదివేదేమిటి? సెలవు పెట్టుకొని ఇంటికి రా. ఇక్కడ చాలా పని ఉంది" అన్నాను. విద్య ఘనతను గురించి పాతికేళ్లుగా పసిపిల్లలకు పాఠం చెబుతున్న నోటితోనే ఆ మాట అన్నాను. అతను మారు మాట్లాడలేదు. సైన్యంలో ఆజ్ఞకు ఎదురు చెప్పకపోవడం అలవాటైన మనిషి, ఇంట్లోనూ అంతే.

పెళ్లి బాగా జరిగింది. కోర్సు పోయింది.

పదవీ విరమణ తరువాత పింఛను వచ్చేది. కానీ ఇద్దరు పిల్లల చదువుకూ, ఇంటి ఖర్చుకూ అది చాలలేదు. పట్నంలో ఒక ఆసుపత్రి గేటు దగ్గర రాత్రి కాపలా ఉద్యోగంలో చేరాడు. మదర్సా విద్యార్థి ఒకడికి జ్వరం ముదిరితే ఒక అర్ధరాత్రి అక్కడికే తీసుకువెళ్లాను. మా తమ్ముడు టార్చిలైటు పట్టుకొని మా ఆటోను పక్కకు మళ్లిస్తున్నాడు. నన్ను గుర్తుపట్టగానే ముందు సలాం చేసి, "భాయ్‌జాన్, ఆటో ఇక్కడ ఆపకూడదు" అన్నాడు. కాపలా పని తక్కువదని నేననను. కష్టపడి తినే ప్రతి ముద్దా గౌరవమైనదే. అయినా ఆ రాత్రి నాకు ఫోనులో నేనన్న మాటే చెవిలో వినిపిస్తూ ఉండిపోయింది.

2016లో అతని కూతురు ఇంటర్మీడియట్ బైపీసీలో 91 శాతం మార్కులతో ఉత్తీర్ణురాలయింది. ఆ వారంలోనే మరదలి పుట్టింటివారు ఒక సంబంధం తీసుకువచ్చారు. అబ్బాయి మంచివాడు, దుబాయిలో పని. అమ్మాయికేమో ఫార్మసీ చదవాలని ఉంది. తీర్పు చెప్పమని అందరూ నా వైపు చూశారు. "బడే అబ్బా, మీరు చెబితే అబ్బూ వింటారు" అని అమ్మాయి తలుపు చాటు నుంచి అంది. వింటాడు, నిజమే. ఒకసారి విన్నాడు కదా!

నేను రెండు రోజులు గడువు అడిగాను. మరునాడు అసర్ నమాజు తరువాత, మా మదర్సాలో చదివే ఒక పిల్లవాడి తండ్రితో ఈ సంగతి చెప్పుకొన్నాను. ఆయన కూడా మాజీ సైనికుడే. "మౌలానా, వృత్తి విద్య చదివే మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది కదా, మీకు తెలియదా?" అని ఆశ్చర్యపోయాడు. తెలియదు. తమ్ముడికీ తెలియదు. ఆ రాత్రే డిశ్చార్జి బుక్కు బయటికి తీశాం.

జిల్లా కేంద్రంలోని సైనిక సంక్షేమ కార్యాలయానికి ముగ్గురమూ వెళ్లాం. అక్కడి పెద్దాయన ఒకరు ఓపికగా అన్నీ చెప్పారు. ఆ స్కాలర్‌షిప్ ఏటా దేశం మొత్తానికి 5500 మందికి ఇస్తారు. అందులో సగం ఆడపిల్లలకు. ఇంటర్‌లో 60 శాతానికి తగ్గకూడదు. కోర్సులో చేరిన మొదటి సంవత్సరమే దరఖాస్తు చేసుకోవాలి. రెండో ఏడు గుర్తొస్తే లాభం లేదు. మామూలు బీఏ, బీఎస్సీలకు వర్తించదు. ప్రాణాలర్పించిన జవాన్ల పిల్లలకు మొదటి వరుస, మామూలుగా విరమణ పొందినవారి పిల్లలకు చివరి వరుస. అది న్యాయమే. ఆ చివరి వరుసలో మార్కులే బలం. అప్పట్లో ఆడపిల్లకు నెలకు 2250 రూపాయలు ఇచ్చేవారు. 2019లో 3000 చేశారు.

హవల్దారు, ఆలోపు హోదాల్లో విరమణ పొందినవారి పిల్లలకు, ఇద్దరి వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా అప్పట్లో నెలకు 1000 రూపాయల విద్యా సహాయం వేరే ఉండేదని కూడా ఆయనే చెప్పారు. అయిదేళ్లుగా మేము అడగనే లేదు. దాటిపోయిన సంవత్సరాలకు దారి లేకపోయింది.

తరువాత తమ్ముడి వైపు తిరిగి, "నీ సంగతేమిటి?" అన్నారు. పదో తరగతి చదివి, 15 ఏళ్లకు తగ్గని సేవతో పాటు సైన్యపు విద్యా ధ్రువపత్రం ఉన్నవారిని గ్రూప్-సి ఉద్యోగాలకు డిగ్రీ చదివినవారితో సమానంగా చూస్తారట. అది ఉద్యోగం వరకే. దానిని చూపి ఎమ్మేలో చేరడానికి వీలుండదు. మా ఫాజిల్ సనదు గుర్తుకొచ్చి నాలో నేను నవ్వుకున్నాను. అదీ ఒక గుమ్మంలో చెల్లుతుంది, పక్క గుమ్మంలో చెల్లదు. వయసు లెక్కలో సేవాకాలాన్ని తీసివేసి, పైన మరో మూడేళ్ల సడలింపు ఇస్తారు. పెద్దాయన కాగితం మీద కూడికలూ తీసివేతలూ వేసి, "నీకిప్పుడు 48. మా లెక్కకు 24. వచ్చిన రోజునే ఇక్కడికి వచ్చి ఉంటే 19" అన్నారు. తమ్ముడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అసలు చిక్కు డిశ్చార్జి బుక్కులోనే ఉంది. ఏనాడో ఒక గుమస్తా అమ్మాయి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో 'ఐ'తో రాశాడు. పదో తరగతి మెమోలో అదే చోట రెండు 'ఈ'లు ఉన్నాయి. మెమోలో పేరుకు ముందు షేక్ ఉంది. బుక్కులో లేనే లేదు. మన ఇళ్లలో ఇది సర్వసాధారణం. ఒకే అమ్మాయి రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటుంది. సవరణ కోసం అఫిడవిట్ రాయించి, రికార్డు ఆఫీసుకు పంపి, జవాబు కోసం ఎదురుచూశాం. దరఖాస్తు గడువు దగ్గరపడుతున్నకొద్దీ నాకు నిద్ర పట్టలేదు. నా సోదరులారా, మీ ఇళ్లలో సైన్యం నుంచి వచ్చినవారుంటే ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఆ బుక్కులో మీ పిల్లల పేర్లు ఎలా రాసి ఉన్నాయో చూడండి.

గడువుకు తొమ్మిది రోజుల ముందు సవరణ వచ్చింది. అల్‌హందులిల్లాహ్, జాబితాలో అమ్మాయి పేరూ వచ్చింది. దుబాయి సంబంధం వారికి నేనే వెళ్లి క్షమాపణ చెప్పుకొని వచ్చాను. మరదలు కొంతకాలం నాతో ముభావంగా ఉంది.

తమ్ముడు బ్యాంకు గుమస్తా పరీక్షకు రెండుసార్లు కూర్చున్నాడు. పరీక్ష కంప్యూటర్ మీద. తెర మీద ప్రశ్న చదివి, జవాబు ఎంచుకొని, మరో ప్రశ్నకు పోయేసరికి సమయం అయిపోయేదని చెప్పాడు. రెండుసార్లూ తప్పాడు. ఆ పైన వయసు 50 దాటింది. ఆ తలుపూ మూసుకుపోయింది.

మొదటి ఏడాది స్కాలర్‌షిప్ 27,000 రూపాయలు అమ్మాయి ఖాతాలో పడిన రోజున నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఆమె పాసుబుక్కు తెచ్చి తండ్రికి చూపింది. అతను ఆ అంకెను చాలాసేపు చూసి, "ఇది నా నౌకరీ డబ్బే కదా, భాయ్‌జాన్?" అని అడిగాడు. "నీదే" అన్నాను. 2010 నాటి ఫోను మాట ఆ రోజు ఎత్తుదామనుకున్నాను, క్షమించమని అడుగుదామనుకున్నాను. ఇషా అజాన్ వినిపించింది. ఇద్దరమూ మసీదుకు వెళ్లి వచ్చాం. మరదలు టిఫిన్ డబ్బా అందించింది. అతను టార్చిలైటు తీసుకొని, అమ్మాయికి పాసుబుక్కు జాగ్రత్త అని చెప్పి, ఆసుపత్రి గేటుకు బయలుదేరాడు.