పని లేదని రుజువు

ఉన్నదానిని ఉన్నదని చూపుట సులభము. లేనిదానిని లేదని చూపుట కష్టము. మేము తిరుపతిలో తర్కసంగ్రహము చదువుకొన్న దినములలో, అభావమను పదార్థము వద్దకు వచ్చునప్పటికి మా గురువుగారు పుస్తకము మూసి, ఎదుటి నేలను వ్రేలితో చూపి, "ఇక్కడ కుండ లేదని మీకెట్లు తెలిసినది?" అని అడుగువారు. కనబడకపోవుటయే ఒక ప్రమాణమని భాట్టమీమాంసకులును అద్వైతులును అందురు; కాదు, అదియు ప్రత్యక్షములోనిదే యని నైయాయికులందురు. ఇరువది యేండ్ల ప్రాయమున మాకా వాదము ప్రొద్దుపుచ్చు విద్యగా మాత్రమే తోచెను. దాని ఉపయోగము 2018వ సంవత్సరమున పూతలపట్టు నుండి తిరుపతికి పోవు రహదారి ప్రక్కనున్న ఒక పల్లెలో, ఒక అంగడి అరుగుపై కూర్చుండి, మా పూర్వశిష్యుని నిరుద్యోగభృతి దరఖాస్తు నింపుచున్నప్పుడు తెలిసివచ్చినది.

అన్నంభట్టు అభావమును నాలుగు విధములుగా విభజించెను. వానిలో రెండు మనకిక్కడ కావలెను. కుండ పుట్టకమునుపటి లేమి ప్రాగభావము. కుండ పగిలినతరువాతి లేమి ప్రధ్వంసాభావము. చదువు ముగించియు కొలువు దొరకని యువకుని లేమి మొదటిది. కొలువు చేయుచుండగా ఊడినవాని లేమి రెండవది. ఆకలి రెంటికిని ఒక్కటే. కాని మన దేశమున మొదటి లేమికి తీర్పు చెప్పు కచేరి వేరు, రెండవ దానికి వేరు. ఒకచోట పనికిరాని కాగితము రెండవచోట పనికివచ్చును. ఒకచోట మేలు చేసినదే రెండవచోట కీడు చేయును. మా శిష్యుడు ఈ రెండు లేములను అనుభవించి రెంటను ఋజువు చేయలేకపోయెను. అందులో మా చేతి దోషము కొంత కలదు. దానిని మొదట చెప్పివేయుట న్యాయము.

అతని పేరు ఇక్కడ వ్రాయము. దాని తుదిభాగము "సామి" యని మాత్రము చెప్పుదుము. చిత్తూరు సీమలో, అరవదేశపు పొలిమేరలలో, ఆ పేరుగలవారు వీధికి నలుగురుందురు. తండ్రి అట్లే పిలిచెను, రేషను కార్డులో అట్లే వ్రాసిరి, ఆధారు కార్డులోను అట్లే వచ్చెను. 2010వ సంవత్సరమున ఆ పిల్లవాడు పదవ తరగతికి వచ్చినప్పుడు పరీక్షకు పంపు నామినల్ రోలు వ్రాయు పని మాకు అప్పగించిరి. మేము సంస్కృతము చదివినవారము. "సామి" యను వికృతిని చూచి సహింపలేక, "స్వామి" యని దిద్ది వ్రాసితిమి. ఆంగ్లలిపిలో ఒక్క డబ్ల్యూ అక్షరము అధికమైనది. పిల్లవానికి మేలు చేసితిమని సంతోషించితిమి కూడను. ఆ డబ్ల్యూ పదవ తరగతి పత్రమునుండి ఇంటరు పత్రమునకును, దానినుండి డిగ్రీ పట్టాకును పాకిపోయినది.

2018 అక్టోబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ముఖ్యమంత్రి యువనేస్తమను పథకమును ప్రారంభించెను. ఇరువదిరెండు మొదలు ముప్పదియైదు ఏండ్లలోపు వయసుగల చదువుకొన్న నిరుద్యోగులకు నెలకు 1,000 రూపాయలు భృతి. ఇంట తెల్లరేషను కార్డు ఉండవలెను. ప్రజాసాధికార సర్వేలో పేరు ఎక్కియుండవలెను. నాలుగు చక్రముల బండి ఉండరాదు. వేయి రూపాయలేమి, దానికింత చర్చ యేమి యని పట్టణవాసులు కొందరు మాతో అనిరి. అట్టివారు తిరుపతిలో ఉద్యోగపరీక్షకు చదువుకొను పిల్లవాడు గది అద్దెకును, పరీక్షరుసుములకును, బస్సుచార్జీలకును ఎట్లు కూడబెట్టుచున్నాడో ఒక నెల దగ్గరనుండి చూడవలెను.

మా శిష్యుడు 2017 జూను మొదలు 2018 సెప్టెంబరు వరకు రేణిగుంట వైపున ఒక కర్మాగారములో కంట్రాక్టరు క్రింద పని చేసి, ఆర్డర్లు తగ్గినవని తీసివేయబడినవాడు. నవంబరులో దరఖాస్తు పెట్టెను. కొన్ని దినములకు మా యింటికి వచ్చి, గుమ్మము దగ్గరనే నిలువబడి, "అయ్యవారూ, నా పట్టాలో ఉండే పేరూ, ఆధార్‌లో ఉండే పేరూ ఒకటి కాదంట. ఎవురో తప్పు రాసినారంట" అనెను. ఎవరో మాకు తెలియును. అప్పుడే చెప్పియుండవలసినది. చెప్పలేదు. "పట్టా మార్చుట కష్టము, ఆధారు మార్చుకొనుము" అని పెద్దమనిషివలె సలహా చెప్పితిమి. మార్చుకొనెను. సంక్రాంతి దాటునప్పటికి అతడు అన్నిచోట్ల "స్వామి" అయ్యెను.

రెండవసారి దరఖాస్తు పెట్టగా పేరు కుదిరినది గాని, ఇతడు ఉద్యోగములో ఉన్నట్లు కనబడుచున్నది, కావున అర్హుడు కాడని జవాబు వచ్చెను. మేము విస్తుపోతిమి. విచారింపగా సంగతి యిది: కర్మాగారములో ఉన్నప్పుడు జీతమునుండి భవిష్యనిధికి సొమ్ము పట్టుకొనెడివారు. మానినతరువాత, ఇతడు ఫలానా తేదీన తొలగెనని యజమాని ఆ ఖాతాలో వ్రాయవలెను. కంట్రాక్టరు వ్రాయలేదు. వ్రాయనంతవరకు ఖాతాదృష్టిలో ఇతడు ప్రతిదినము పనికి పోవుచునే యుండెను! ఆ తేదీని కార్మికుడు తానే నమోదు చేసికొను వీలు 2020 జనవరిలో గాని రాలేదు. కంట్రాక్టరును వెదకుచు రెండుసార్లు పోతిమి. అతడు శ్రీపెరుంబుదూరు వైపు పని పట్టుకొని తరలిపోయెనని తెలిసినది. ఇంతలో ఆ భృతిని రెండువేలకు పెంచెదమని ప్రకటించిరి, ఇంతలో ఎన్నికలు వచ్చెను, 2019 మే నెలలో ప్రభుత్వము మారెను, పథకము సాగలేదు. మా శిష్యునికి ఆ వేయి రూపాయలు ఒక్కనెలయైనను ముట్టలేదు.

ఇట్టి చిక్కులు మన చేతగానితనమువలననే పుట్టినవని కొందరనుకొందురు. ఇంగ్లాండు చరిత్ర చదివినవారట్లనరు. 1911వ సంవత్సరపు జాతీయ బీమా చట్టముతో ఆ దేశమున నిరుద్యోగభృతి మొదలైనది. ఓడలు కట్టువారు, ఇండ్లు కట్టువారు, యంత్రములు చేయువారు మొదలగు కొన్ని వృత్తులవారికి మాత్రమే. వారమునకు ఏడు షిల్లింగులు. ఏడాదికి పదునైదు వారములకు మించరాదు. తానును యజమానియు చెల్లించిన చందాలను బట్టి వచ్చు హక్కు గనుక కార్మికుడు తలయెత్తుకొని అడుగుచుండెను. పిమ్మట 1920 దశకమున పని దొరకనివారి సంఖ్య పెరిగి నిధి తరిగిపోగా, "నిజముగా పని వెదకుచున్నావా?" అను ప్రశ్న తెచ్చిపెట్టిరి. పని లేని ఊళ్లలో ఏ గుమ్మము తట్టితివి, ఏ దినమున తట్టితివి యని అడుగుచు, జవాబు చెప్పు భారమంతయు అర్జీదారుని నెత్తిన వేసిరి. 1930లో ఆ నిబంధనను ఎత్తివేసిరి; మరుసటి యేడే ఇంటివారందరి రాబడి లెక్కించు విచారణను తెచ్చిరి. కొడుకు తెచ్చు జీతమును చూచి తండ్రి భృతిని కోయుచుండగా, ఒక యింట ఉండవలసిన తండ్రికొడుకులు వేరింట కాపురము పెట్టిన సందర్భములు కలవు. ఆధునిక యంత్రములు రాకముందే మనుష్యులు ఈ విద్యలో ఆరితేరియుండిరి.

మన రాజ్యాంగపు 41వ అధికరణము పనికి హక్కును, నిరుద్యోగమునందు ప్రభుత్వసహాయమును పేర్కొనుచున్నది, ఆర్థికశక్తికి లోబడి యను షరతుతో. 2005వ సంవత్సరపు గ్రామీణ ఉపాధి హామీ చట్టములోను నిరుద్యోగభృతి యుండెను. పని అడిగిన పదునైదు దినములలో పని చూపకపోయినచో మొదటి ముప్పది దినములు కూలిలో నాలుగవవంతుకు తక్కువ కాకుండ, తరువాత సగమునకు తక్కువ కాకుండ ఇయ్యవలెనని ఆ చట్టము చెప్పెను. 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన రాయలసీమలోనే, అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆ పథకము ఆరంభమైనది. కాని పని అడిగినట్లు తేదీ వేసిన రసీదు చేతనుండిన గదా పదునైదు దినములు లెక్కించుట! మా పల్లెలో నోటిమాటగా అడిగినవారే గాని రసీదు అడిగినవారిని మేము చూడలేదు. ఆ సంగతి అటుండనిండు.

2019 జూనులో మా శిష్యుడు మరియొక కర్మాగారములో చేరెను. నెలకు 9,000 రూపాయలు. ఈసారి "స్వామి"గా చేరెను. 2020 మార్చి నెలాఖరున కరోనా కారణముగా అన్నియు మూతపడినవి. తెరచిన తరువాత ఇతనిని మరల పిలువలేదు. ఇది స్పష్టముగా ప్రధ్వంసాభావము. దీనికి కార్మిక రాజ్యబీమా సంస్థవారి అటల్ బీమిత వ్యక్తి కల్యాణ యోజన యున్నది. 2018లో పుట్టినప్పుడు సగటు వేతనములో నాలుగవవంతు ఇచ్చెడివారు; కరోనా చూచి, 2020 మార్చి 24 మొదలు డిసెంబరు 31 వరకు పని పోయినవారికి సగము చేసిరి. తొంబది దినముల వరకు పొందవచ్చును. యజమాని సంతకముతో పనిలేకుండ అర్జీని తిన్నగా శాఖా కార్యాలయమునకే పంపుకొనవచ్చుననిరి. ఇది నిజముగా మేలైన మార్పు. మేము పత్రికలో చదివి లేచి నిలుచుంటిమి. షరతులు రెండు: పని పోవుటకు ముందు కనీసము రెండేండ్లు బీమాగల ఉద్యోగము చేసియుండవలెను, కడపటి చందాకాలమున డెబ్బదియెనిమిది దినములకును, అంతకు ముందటి మూడు చందాకాలములలో ఏదేని ఒకదానియందు అన్నియే దినములకును చందా చెల్లియుండవలెను. మొదటి కర్మాగారములో పదునారు నెలలు, రెండవదానిలో పది నెలలు, మొత్తము ఇరువదియారు. సరిపోయినది!

సెప్టెంబరులో స్టాంపు కాగితముపై ప్రమాణపత్రము సిద్ధపరచుచుండగా (ఆ నిబంధనను ఆ సంవత్సరము చివర సడలించిరి) మా శిష్యుడు కలము పట్టుకొని ఆగెను.

"అయ్యవారూ, మామిడికాయలు మోసిండేది ఉద్యోగమా, కాదా?"

మే నెల నడిమినుండి జూలై వరకు అతడు చిత్తూరు మండీలలో తోతాపురి కాయల లారీలకు ఎత్తుడుకూలిగా పోయెను. ఒకదినము పని, రెండు దినములు ఖాళీ. ఆ కూలికి చీటీ లేదు, ఖాతా లేదు, సాక్షి లేడు. లోకములో ఏ యంత్రమునకును తెలియదు. "వ్రాయకున్న ఎవరికి తెలియును?" అని ప్రక్కనున్న అంగడివాడనెను. "నాకు తెలుసు గదన్నా" అని మా శిష్యుడనెను. అతనికి సత్యహరిశ్చంద్ర పాఠము చెప్పినవారము మేమే. కాని ఆ క్షణమున మా నోటినుండి మాట రాలేదు. తుదకు ఏప్రిలు మొదలు మే 15 వరకు, నలువదియైదు దినములకు మాత్రమే అడుగుదమని నిశ్చయించితిమి. దినమునకు 150 చొప్పున 6,750 రూపాయలు.

అర్జీ తిరిగివచ్చెను. సంఖ్యలు రెండు. "సామి"కి ఒక బీమా సంఖ్య, పదునారు నెలలు. "స్వామి"కి ఒక బీమా సంఖ్య, పది నెలలు. కొత్త యజమాని పాత సంఖ్య అడుగలేదు, ఇతడు చెప్పలేదు. ఇద్దరిలో ఎవనికిని రెండేండ్లు నిండలేదు.

ఆ రాత్రి మా యింటావిడతో ఈ కథ మొదటినుండి చెప్పితిమి, నామినల్ రోలు సంగతితో సహా. ఆమె అన్నము వడ్డించుచు, "అయితే మీరు దిద్దిన అక్షరానికి కూలి ఆ పిల్లాడిచ్చుకున్నాడన్నమాట. వాడికి చెప్పినారా?" అని అడిగెను. లేదంటిమి. "రేపు చెప్పండి" అనెను.

మరునాడు చెప్పితిమి. అతడు కొంతసేపు నేల చూచి, "మీరు బాగుండాలనే గదా రాసినారు" అనెను. కోపపడియుండిన మాకు తేలికగా ఉండెడిది. ఈ ఇద్దరును ఒక్కడేయనియు, పేరు మార్చినది మేమేయనియు, ఎందుకు మార్చితిమో కూడ వ్రాసి, సంతకము చేసి, ఆ కాగితము పట్టుకొని అతనితో పోతిమి. అక్కడి ఉద్యోగి మంచివాడు. రెండుసార్లు చదివెను. "అయ్యా, మీ మాట నేను నమ్ముతున్నాను. కంప్యూటరు నమ్మాల గదా" అని, రెండు సంఖ్యలను కలుపుటకు కావలసిన పత్రముల పట్టిక వ్రాసి యిచ్చెను. అందులో ఒకటి మొదటి కంట్రాక్టరు ఇయ్యవలసినది.

అక్టోబరులో శెనక్కాయలు పెరుకు పని వచ్చెను. తిరుపతికి పోయివచ్చిన దినము కూలి పోవును. రెండువారములు చూచి మేమే పిలిపించగా, "పోనీలే అయ్యవారూ, మీరు తిరిగింది చాలు" అని చెప్పి పంపెను. ఇప్పుడతడు పుత్తూరు వైపు ఒక సామానుల గిడ్డంగిలో లెక్కలు వ్రాయుచున్నాడు. 2024 ఎన్నికలలో నెలకు మూడువేల భృతి వాగ్దానము వినబడినప్పుడు అతని తల్లి అటకమీది కాగితముల సంచి దింపి దులిపి, మాయొద్దకు తెచ్చినది. అందులో అతని చిరునామా ఇంకను చిత్తూరు జిల్లాయని యున్నది; 2022 ఏప్రిలు 4వ తేదీనుండి వారి ఊరు తిరుపతి జిల్లాలో చేరినది. సంచిని మరల కట్టి, చిరునామా ముందుగా మార్పించుకొమ్మని చెప్పితిమి.

ఈ సంవత్సరము కూడ నామినల్ రోలు మా వంతే వచ్చెను. ఒక పిల్లవాని తండ్రి గొర్రెలను రోడ్డు ప్రక్కన విడిచి లోనికి వచ్చి, "మాకేం తెలుసు సామీ, మీరే మంచిగా రాసుకోండి పేరు" అనెను. ఇంటికి పోయి రేషను కార్డు తెమ్మంటిమి. తెచ్చినతరువాత ఒక్కొక్క అక్షరముమీద వ్రేలుంచి, అతనిచేత చెప్పించుకొనుచు, ఉన్నది ఉన్నట్లు వ్రాసితిమి. దానిలో ఒకచోట సున్న తప్పుగా పడియున్నది. దానిని దిద్దలేదు.