తండ్రి కంటే కొడుకు పెద్ద

ఓ చిత్రం చెబుతాను వినండి. 1946లో వచ్చిన ‘ధర్తీ కే లాల్’ సినిమాలో తండ్రి వేషం వేసిన శంభు మిత్ర, పెద్దకొడుకు వేషం వేసిన బల్‌రాజ్ సహానీ కంటే వయసులో చిన్నవాడు! శంభు మిత్ర భార్య తృప్తి అందులో ఆయనకు కోడలు. బల్‌రాజ్ భార్య దమయంతి కూడా ఈ సినిమాలో ఉంది. ఇంటివాళ్లంతా కలిసి తీసుకున్నట్టుంది కదూ? దాదాపు అంతే మరి. తీసింది ఇప్టా, నాటకాలవాళ్ల సంఘం. పెద్ద తారలను పెట్టుకునే స్తోమతు వాళ్లకెక్కడిది?

కథ 1943 నాటి బెంగాల్ కరువు. ధాన్యం లేక వచ్చిన కరువని మాత్రం అనుకోకండి. యుద్ధం, మండిపోయిన ధరలు, చీకటి గోదాములు, పట్టని ప్రభుత్వం, అన్నీ కలిసి దాదాపు 30 లక్షల మందిని పొట్టన పెట్టుకున్నాయి. బిజన్ భట్టాచార్య నాటకం ‘నబాన్న’నూ, కృషన్ చందర్ కథ ‘అన్నదాత’నూ ఆధారం చేసుకుని ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ దీన్ని తీశారు. దర్శకుడిగా ఆయనకిదే మొదటి సినిమా. సంగీతం పాతికేళ్లు దాటీ దాటని రవిశంకర్.

యుద్ధం రోజులు కదా, ముడి ఫిల్ముకు కటకట. సర్కారు లైసెన్సు లేనిదే కెమెరా తిరగదు. లైసెన్సు దొరికింది సరే, ఊళ్లకు ఊళ్లు కలకత్తాకు నడిచిపోయే దృశ్యానికి జనమో? ధూలియా ప్రాంతపు కిసాన్ సభ రైతులు వచ్చి నడిచారు. నన్నడిగితే సినిమాకు ప్రాణం అక్కడే ఉంది. అప్పు చేసి పొలం పోగొట్టుకోవడమంటే ఏమిటో వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మొహాలు చూడండి, మీకే తెలుస్తుంది. బల్‌రాజ్ కూడా వాళ్ల పక్కన తేలిపోకూడదని కడుపు మాడ్చుకుని బక్కచిక్కాడు.

చివర్లో ఊరంతా ఏకమై ఉమ్మడి సాగు మొదలెట్టడం నాకు కాస్త ఉపన్యాసంలా అనిపిస్తుంది. కానీ ఆకలికి ఒళ్లమ్ముకోవాల్సి వచ్చిన చిన్నకోడలు రాధిక, ఆమె మొగుడు రాము ఆ పండగలో కలవలేక దూరంగానే ఉండిపోతారు చూశారూ, అక్కడ అబ్బాస్‌కు నేను చేతులెత్తి దండం పెడతాను. అందరి కష్టమూ తీరిపోయిందని ఆయన అబద్ధం చెప్పలేదు.

మనవైపు ఇప్టాలాంటి ప్రజానాట్యమండలిని నడిపిన డాక్టర్ గరికపాటి రాజారావు కూడా 1953లో ‘పుట్టిల్లు’ తీశారు, జమునను తెరకు తెచ్చారు. ఆ కబురు ఇంకో పూట చెప్పుకుందాం.