పరుగునందు వైరాగ్యం

ధర్మసాధనకు దేహమే తొలి పరికరమని పెద్దలు చెప్పిన మాటను కాదనువారుండరు. అయితే ఆ పరికరాన్ని ఇరువది యేండ్లు మూలనుంచి, ఒక ఉదయాన తిరిగి చేపట్టిన వానికి ముందుగా అడ్డుపడేది అహంకారమే.

విశాఖపట్నవాసియైన ఒక గృహస్థు అనుభవం ఇందుకు నిదర్శనం. కళాశాల దినాలలో ఆయన 5,000 మీటర్ల పరుగుపందెంలో పతకం పొందినవాడు. ఆపై ఉద్యోగం, సంసారం, బాధ్యతలు. 48వ యేట రక్తంలో చక్కెర అధికమైనదని వైద్యుడు హెచ్చరించాడు. మరునాడే బ్రాహ్మీముహూర్తాన లేచి, సముద్రతీరాన కాళికాలయం ఎదుట నమస్కరించి, కురుసుర జలాంతర్గామి దిశగా పూర్వవేగంతో పరుగు తీశాడు. నాలుగు దినాలు అట్లే సాగింది. అయిదవనాడు మోకాలి క్రింది ఎముక వెంబడి పుట్టిన నొప్పితో మెట్లు దిగలేకపోయాడు. ఈ జన్మకిక ఇంతేనని బూట్లు అటక మీద పెట్టించాడు.

"మీరు పరుగెత్తింది ఈ కాళ్లతో కాదండీ, ఆనాటి కాళ్లతో" అన్నది ధర్మపత్ని.

ఆ మాటలో శరీరశాస్త్రం కూడా ఉన్నది. వ్యాయామం పునరారంభించినవారిలో గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలోనే పుంజుకుంటాయి. ఎముకలు, స్నాయువులు దృఢపడటానికి నెలలు పడుతుంది. ఊపిరి ఇచ్చిన అనుమతిని కాళ్లు ఇచ్చినట్లు భ్రమించినవారే తరచుగా గాయపడతారు.

నొప్పి పూర్తిగా ఉపశమించిన పిమ్మట, వైద్యుని అనుమతితో ఆయన క్రొత్త నియమం స్వీకరించాడు. మొదట అయిదు నిమిషాల నడక. పిదప 60 సెకండ్ల మెల్లని పరుగు, 90 సెకండ్ల నడక. ఇట్లు ఎనిమిది ఆవృత్తులు. వారానికి మూడు దినాలే. పరుగెత్తుతూ ప్రక్కవారితో మాట్లాడగలిగినంత వేగమే హద్దు.

ఆ 60 సెకండ్లు ఆయనకు కష్టం కాలేదు. నడవవలసిన 90 సెకండ్లే దుస్సహమయ్యాయి. తనకంటె పెద్దవారు దాటిపోయేవారు. పరిచితులు కనబడితే తలవంచుకొని, నియమం తప్పి మరల పరుగందుకోవాలనిపించేది. ఆ సిగ్గును ఓర్చుకొని నడవడమే ఆయనకు తపస్సయినది.

పతంజలి మహర్షి చిత్తవృత్తి నిరోధానికి అభ్యాస వైరాగ్యాలను జంటగా విధించాడు. ఆసనసిద్ధికి ప్రయత్నశైథిల్యాన్ని ఉపాయంగా చెప్పాడు. ఆ ఉపదేశం యోగసాధకుల కొరకే అయినా, దినచర్యలోనూ దాని సత్యం అనుభవానికి వస్తుంది. వైరాగ్యమనగానే ధనాన్ని, భోగాన్ని విడవడమే స్ఫురిస్తుంది. ఒకనాడు పొందిన కీర్తి కూడా చిత్తాన్ని బంధించే విషయమే. దానిని విడువని అభ్యాసం దేహహింసగా పరిణమిస్తుంది. అభ్యాసం లేని వైరాగ్యమో, అటక మీది బూట్లే.

నెలలు గడిచాయి. నేడాయన అరగంట ఆగకుండా పరుగెత్తగలడు. ఆనాటి వేగం లేదు. చక్కెర కొంత అదుపునకు వచ్చినా ఔషధం కొనసాగుతున్నది. కాలు భారంగా ఉన్న దినాన నేటికీ నడుస్తాడు. వెనుకనుండి ఎవరైనా వస్తే ప్రక్కకు జరిగి దారి ఇస్తాడు.