పరీక్షించు యంత్రమునకు పరీక్ష

ఇబ్రహీంపట్నములో సాగరు రోడ్డు వెంబడి రక్తపరీక్షలు చేయు ల్యాబులు ఇప్పుడు మందుల దుకాణములతో పోటీపడుచున్నవి. వానిలో నొకదాని బోర్డుపై ‘పేటెంటు పొందిన ఆటోమేటిక్ యంత్రముతో పరీక్షలు’ అని పెద్ద యక్షరములతో వ్రాసియున్నది. ఆ మాట చూచి లోనికి పోవువారు చాలమంది. పేటెంటనగా నేమని మా యిరుగుపొరుగు స్త్రీలను అడిగిచూచితిమి. ప్రభుత్వమువారు యంత్రమును పరీక్షించి, ఇది చెప్పు లెక్క నిజమేయని ముద్ర వేయుట యని యించుమించుగా నందఱును చెప్పిరి. ఒక ముసలామె మాత్రము, “మా చిన్నప్పుడు పేటెంటు మందులని అమ్మెడివారు, అదియే కాబోలు” ననెను. ఈ రెండును సరికావు. ఇది వట్టి మాటల తగవైనచో మేము కలము పట్టము. ఇంటిలో వృద్ధులును గర్భిణులును ఉన్న సోదరీమణులకు దీనితో నిత్యము పని పడుచున్నది గనుక వ్రాయుచున్నాము.

గత వర్షాకాలమున మంచాల వైపు పల్లెలోనున్న మా అత్తగారికి నీరసము చేసెను. ల్యాబు కుఱ్ఱవాడు తెల్లవాఱగనే వచ్చి రక్తము తీసికొని, మోటారు సైకిలుపై నాలుగూళ్ళు తిరిగి, మధ్యాహ్నము దాటిన పిమ్మట దానిని యంత్రమునకు చేర్చెను. పొటాషియము హద్దు మీఱి యున్నదని కాగితము వచ్చినది. అది నిజమైనచో గుండెకు ముప్పు. మా వారు బడికి సెలవు పెట్టి పరుగెత్తిరి. డాక్టరుగారు కాగితమును చూచి, మనిషిని చూచి, “మరల తీయింపుడు, వెంటనే పరీక్ష చేయింపుడు” అనిరి. రెండవమాఱు లెక్క సరిగనే యుండెను. యంత్రము అబద్ధమాడలేదు. తీసిన రక్తము చాలసేపు నిలువయున్నను, కుదుపునకు ఎఱ్ఱకణములు చిట్లినను, కణములలోని పొటాషియము బయటి ద్రవములోనికి వచ్చును. యంత్రము ఆ వచ్చినదానినే కొలిచినది. చక్కెర సంగతి తలక్రిందులు. నిలువయున్నకొలది కణములు దానిని తినివేయును, లెక్క తగ్గును. అందులకే చక్కెర పరీక్షకు ఫ్లోరైడు వేసిన బూడిదరంగు మూత గొట్టమును వాడుదురు. చేమిరి వేసిన పాలు మన కొఱకు ఆగియుండునా? రక్తమును అంతియే.

ఈ సంగతి విని మా చెల్లెలి కూతురు ఊరకుండలేదు. ఆమె ఇంజనీరింగు చదివి, ఇచటనే యొక కళాశాలలో పాఠములు చెప్పుచున్నది. భార్యాభర్తలిద్దఱు కూర్చుండి ఒక పెట్టెను చేసిరి. రక్తపు గొట్టము అందులో పెట్టిన క్షణమునుండి గడచిన కాలమును, తగిలిన వేడిమిని అది లెక్కించుకొనును. గడువు దాటిన గొట్టము వచ్చినచో యంత్రము దానిని లోనికి తీసికొనకుండ అడ్డుపడును. దీనికి పేటెంటు కోరుచు దరఖాస్తు పెట్టిరి. (పెట్టిన తరువాతనే మేము వ్రాయుచున్నాము. ముందుగా నచ్చువేసినచో మా వ్యాసమే దాని క్రొత్తదనమును హరించి, వారికి అడ్డువచ్చెడిది.) మన రెండు తెలుగు రాష్ట్రములవారి దరఖాస్తులు చెన్నైలోని పేటెంటు కార్యాలయమునకు చెందును. కొన్నాళ్ళకు అచటినుండి మొదటి పరీక్షా నివేదిక వచ్చినది. దానిని పట్టుకొని ఆ పిల్ల మా యింటికి వచ్చి, “పెద్దమ్మా, నా కిందులో ఇంగ్లీషు తెలియుచున్నది గాని భావము తెలియుటలేదు. నీవు తర్కము చదివినావు గదా, చూడు” మనెను.

మాకు మా తండ్రిగారు చిన్ననాడు తర్కసంగ్రహమును దీపికతో కూడ చెప్పిరి. ఆ గ్రంథకర్తయగు అన్నంభట్టు తెలుగువాడేయని పండితులందురు. ఆడపిల్లకు ఘటపటము లెందులకని ఇంటికి వచ్చిన చుట్టములు నవ్వెడివారు. లక్షణమునకు మూడు దోషములని అందు చెప్పుదురు. కొమ్ములు కలది గోవు అన్నచో ఎనుమునకును కొమ్ములున్నవి, ఇది అతివ్యాప్తి. కపిలవర్ణము కలది గోవు అన్నచో తెల్లయావు తప్పిపోవును, ఇది అవ్యాప్తి. ఒంటి గిట్ట కలది గోవు అన్నచో అట్టి గోవే లేదు, ఇది అసంభవము. గంగడోలు కలది గోవు అన్నచో సరిపోవును.

పేటెంటు దరఖాస్తునకు ప్రాణము క్లెయిములు, అనగా ‘ఇంతవఱకు నాది’ యని హద్దు గీయు వాక్యములు. పరీక్షాధికారి చేయునది ముఖ్యముగా ఈ గంగడోలును వెదకుటయే. మా పిల్ల మొదటి క్లెయిములో, పరీక్షకు తగని రక్తమును గుర్తించి త్రోసిపుచ్చు సాధనము యావత్తు తమదే యని వ్రాసినది. అధికారి మూడు పాత పత్రములు చూపెను. కణములు చిట్లి ఎఱ్ఱబాఱిన ద్రవమును కాంతితో పసిగట్టు ఏర్పాటు పెద్ద యంత్రములలో ఎన్నడో యున్నది. కొమ్ములు చూపి గోవన్నట్లే. “నీ పెట్టెలో ఇతరులకు లేనిదేమి?” అని అడిగితిమి. కాలమును వేడిమిని కలిపి లెక్కించుటయు, ఆ లెక్క గొట్టముతోపాటు ప్రయాణము చేయుటయు ననెను. “అయిన ఆ రెండింటిని క్లెయిములోనికి తెమ్ము. మఱీ కుదించి నీ పెట్టె రంగును కొలతలును వ్రాయకుము, పొరుగువాడు అంగుళము మార్చి అదియే చేసికొనును” అంటిమి. అసంభవమునకును చట్టములో చోటున్నది. ప్రకృతి నియమములకు స్పష్టముగా విరుద్ధమైన దానిని 1970 నాటి పేటెంట్ల చట్టము 3వ సెక్షనులో మొదటనే నిరాకరించినది. చట్టము వ్రాసినవారిలో తర్కము చదివినవా రెవరైన నుండిరేమో!

నివేదికలో మఱి రెండాక్షేపణలు కలవు. లెక్కకట్టు విధానము మీద నొకటి. కంప్యూటరు ప్రోగ్రాము తనంతతానుగ, గణితపద్ధతి, అల్గారిదము, ఇవి 3(కె) క్రింద పేటెంటుకు తగవు. రెండవది ఇంటి ఇల్లాండ్రు తెలియదగినది. పిల్ల తన పదవ క్లెయిములో ‘రోగి రక్తమున పొటాషియము నిజముగా నెక్కువయో కాదో నిర్ణయించు పద్ధతి’ యని వ్రాసినది. మనుష్యులకు చేయు చికిత్సా పద్ధతులతోపాటు రోగనిర్ణయ పద్ధతులకును పేటెంటు లేదని 3(ఐ) చెప్పుచున్నది. యంత్రమునకు పేటెంటు రావచ్చును; రోగమును తెలిసికొను పద్ధతికి రాదు. మాకీ నియమము మిక్కిలి న్యాయముగ తోచినది. నాడి పట్టి చూచు రీతికి ఒకడు ఇరువదియేండ్లు యజమానుడైనచో తక్కిన వైద్యులేమి చేయవలెను? అయితే పద్ధతి యెచట ముగియునో, రోగనిర్ణయ మెచట మొదలగునో చెప్పుట సులభము కాదు. తల్లి రక్తమునుండి గర్భస్థశిశువు జన్యుద్రవ్యమును విశ్లేషించు పద్ధతిని గూర్చి 2023లో మద్రాసు ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పవలసి వచ్చినది. శరీరమునుండి బయటకు తీసిన రక్తముపై చేయు పరీక్షయు నిషేధములోనికి రావచ్చుననియు, కాని యా పద్ధతి తానుగా వ్యాధిని బయటపెట్టునదేనా యని చూడవలెననియు విచారించి, ఆ వ్యాజ్యములో దరఖాస్తుదారుల పక్షముననే తీర్పు నిచ్చినది. మా పిల్ల పదవ క్లెయిమునకు అంతటి వాదము లేదు. కొట్టివేయుమంటిమి.

ఈ సందర్భమున పాత యంత్రముల చరిత్ర కొంత చదివితిమి. అమెరికాలో వాలేసు కౌల్టరు సన్నని రంధ్రముగుండ రక్తకణముల నొక్కొక్కటిగ పోనిచ్చి, ప్రతి కణము విద్యుత్తునకు కలిగించు అడ్డును బట్టి లెక్కించు ఉపాయమును కనుగొనెను. రంధ్రమునకు పేటెంటెట్లు వచ్చునని మొదట న్యాయవాదులే వెనుకాడిరని చెప్పుదురు. 1953లో పేటెంటు వచ్చెను. ఆ గడువు ఎన్నడో తీఱినది గనుక నేడు పలు సంస్థలు అదే సూత్రముతో కణములను లెక్కించు యంత్రములు చేయుచున్నవి. లియొనార్డు స్కెగ్సు 1957లో ప్రకటించిన యంత్రము ఇంకను ముచ్చటైనది. ఒకే సన్నని గొట్టములో పలువురి ద్రవములు వరుసగా పాఱును. ఒకరిది మఱియొకరి దానితో కలియకుండ నడుమ గాలిబుడగలను ఉంచినాడు. మల్లెకును మల్లెకును నడుమ మరువము చేర్చి మాల కట్టినట్లున్నది.

ఆ యంత్రము రాకమునుపే, 1925లో, భీమవరమున పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్కేతో కలిసి, రక్తములోని భాస్వరమును నీలిరంగును బట్టి కొలుచు విధమును శాస్త్రపత్రికలో ప్రకటించిరి. ఆ కొలతకు మూలమైన మాలిబ్డేటు రసాయనము నేటి ఆటోమేటిక్ యంత్రములలోను పనిచేయుచున్నది. పత్రికలో నచ్చయిన నాటనుండి అది అందఱి సొత్తు. అదే పద్ధతిని మఱియొకడు క్రొత్తదని చెప్పి పేటెంటు కోరుటకు వీలులేదు. అధికారి ఆ పత్రమును తీసి ముందుంచును. మన బిల్లులలో ఒక పరీక్షకు పడు రూకలలో ఎంత భాగము క్రొత్త యంత్రమునకు, ఎంత భాగము ఎన్నడో అందఱిదైన విద్యకు పోవుచున్నదో తెలిసినచో బాగుండునని మాకు తోచినది.

ఇక మొదటి మాటకు వత్తము. పరీక్షాధికారి యడుగునవి ప్రధానముగ మూడు: ఇది క్రొత్తదియా, ఆ విద్య తెలిసినవానికి సులభముగ తట్టునదియా, పరిశ్రమకు పనికివచ్చునా. చేయు విధమును దాచక వ్రాసితిరా యనియు చూచును. యంత్రమును బల్లపై పెట్టి నూఱుగురి రక్తము పోసి, వచ్చిన లెక్క సరియా యని ఆయన చూడడు; అది యాయన పని కాదు. అమెరికాలో థెరానోస్ అను సంస్థ వ్రేలికొన నుండి తీసిన కొలదిచుక్కలతో సమస్త పరీక్షలును చేయుదుమని చెప్పి, అనేక పేటెంట్లు సంపాదించెను. యంత్రము చెప్పినట్లు పనిచేయలేదు. 2018లో ఆ సంస్థ మూతపడెను. పెట్టుబడిదారులను వంచించినందులకు దాని స్థాపకురాలు ఎలిజబెత్ హోమ్సును 2022లో దోషిగా నిర్ణయించి, పదునొకండేండ్లకు పైబడిన కారాగారశిక్ష విధించిరి. ఆ పేటెంట్లలో ఒక్కటియు రోగి చేతికి వచ్చిన తప్పుడు కాగితమును ఆపలేదు.

లెక్క సరియా యని చూచు ఏర్పాట్లు వేఱు. మనదేశమున యంత్రములును రసాయనములును 2017 నాటి వైద్య పరికరముల నియమములకు లోబడవలెను. ల్యాబు పనితనమును పరిశీలించి గుర్తింపు నిచ్చునది ఎన్.ఎ.బి.ఎల్. అను మండలి, ఆ గుర్తు నివేదిక పైభాగమున నుండును, కాని అన్ని ల్యాబులును దానిని తీసికొనవలెనను నిర్బంధము లేదు. మంచి ల్యాబువారు ముందుగ లెక్క తెలిసిన ద్రవమును యంత్రమునకిచ్చి, సరియైన జవాబు వచ్చిన పిమ్మటనే మన రక్తమును ఇత్తురు. “ఈనాడు కంట్రోలు వేసితిరా? రక్తము ఎన్నిగంటలకు తీసితిరి, ఎన్నిగంటలకు పెట్టితిరి?” అని అడుగుటకు మనకు ఇంగ్లీషు చదువు అక్కఱలేదు. మేము అడుగుచున్నాము. మొదట విసుగుకొనిరి, ఇప్పుడు అడుగకయే కాగితముపై గంటలు వ్రాసి యిచ్చుచున్నారు.

స్త్రీలు తెలిసికొనవలసినది మఱియొకటి కలదు. 2019లో సవరించిన నియమముల ప్రకారము దరఖాస్తుదారులు వ్యక్తులై, వారిలో ఒక్కరైనను స్త్రీ యైనచో, శీఘ్రపరీక్ష కోరవచ్చును. మా పిల్ల పేరు దరఖాస్తులో నుండుటచే వారికి ఆ సౌకర్యము కలిగినది. మొదట ఆమె భర్త పేరొక్కటే వ్రాయుమని ఇంటి పెద్దలు చెప్పిరట. పెట్టె ఆలోచన ఎవరిదో ఎఱిగిన ఆ అబ్బాయి, అట్లు వ్రాసినచో అబద్ధమగునని ఒప్పుకొనలేదు. మంచివాడు.

నివేదికకు ఆఱునెలలలో జవాబీయవలెను. కోరినచో మఱి మూడు నెలలు గడువు దొరకును. నాలుగు రాత్రులు మా వంటింటి అరుగుపై కూర్చుండి మొదటి క్లెయిమును తిరుగవ్రాసితిమి. ఇరువదియొక్క క్లెయిములు పండ్రెండయినవి. పిల్ల దానిని చెన్నైకి పంపినది. విచారణ యున్నచో వీడియో ద్వారా జరుగునట. ఆ దినమున మమ్మును ప్రక్కన కూర్చుండుమని ఆమె కోరినది, వత్తుమని చెప్పియున్నాము.