చవుడెక్కిన గోడ

గృహాలంకరణమును గూర్చి పెక్కురు వ్రాయుచుందురు. నేను వ్రాయబోవునది ఒక గోడను గూర్చి. అదియు నా పట్టుదలవలన చెడిన గోడను గూర్చి.

1806లో నిజాము సికందర్ జా పేర వెలసిన మా సికింద్రాబాదులో, 1897లో ప్రారంభమైన గడియార స్తంభమునకు నడకదూరమున, ఇరుకుసందులో నొక పాత మేడ కలదు. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు కట్టినది. ఒక్క కుటుంబము కాపురముండిన ఆ మేడను తరువాతివారు నాలుగు వాటాలు చేసి అమ్మిరి. మూడేండ్ల క్రిందట క్రిందివాటాను మేము కొంటిమి. ఒక పడకగది, ముందుగది, వంటయిల్లు, స్నానపుగది, అంతియే. మావారు బడిపంతులు. బ్యాంకి వాయిదా పోగా జీతములో మిగులునదెంతయో మీరే యూహింపగలరు. అయినను టేకు గడప, రెండడుగుల మందపు గోడలు, దూలములపై ఇటుకలు నిలువుగా పేర్చి సున్నముతో బిగించిన కప్పు చూచి మురిసితిమి.

గోడల సున్నము మాత్రము పెచ్చులూడుచు, ఆనుకొన్నవారి బట్టల కంటుచుండెను. “దీనికన్న మన ఊరి గొడ్లపాక నయమే కోడలా!” అని అత్తగారనిరి. నాకు రోషము వచ్చినది. అందరి యిండ్లవలె అద్దమువంటి గోడలు కావలెనని పట్టుబట్టి, నాలుగు గాజులలో రెండమ్మి యిచ్చితిని. గుత్తదారు పాతసున్నమంతయు గీకించి, సిమెంటు పూయించి, పైన నూనెరంగు వేయించెను. అతనిని తప్పుపట్టను, నేనడిగినదే చేసెను. ఆరుమాసములు చూచినవారెల్ల మెచ్చుకొనిరి.

శ్రావణమాసమున పడకగది గోడ నేలనుండి మూడడుగుల యెత్తువరకు ఉబ్బి, రంగు బొబ్బలెత్తి రాలెను. లోపల తెల్లని చవుడు. ఆ గోడగూటిలోనే మా నాయనగారి ఆంధ్ర మహాభారతము ఉండెను. నేను బడికి పోలేదు. నాయనగారే ప్రతిసాయంకాలము అరుగుమీద కూర్చుండబెట్టుకొని ఆ పుస్తకములలో నాకు చదువు చెప్పిరి. విరాటపర్వము తెరువబోగా పుటలు ఒకదాని నొకటి అంటుకొని విడిరాలేదు. అంచులలో ఆయన సిరాతో వ్రాసిన అర్థములు అలుకుకొనిపోయినవి. ఆ దినము వంట ఆలస్యమైనది. ఎవరును నన్నేమియు ననలేదు. అదియే మరింత కష్టముగా నుండెను.

పైవాటావారు ఒక ముసలి మేస్త్రిని పిలిపించిరి. ఆయన వ్రేళ్లతో గోడను తట్టి, “గోడ మంచిదే తల్లీ! దానికి ఊపిరాడకుంట జేసిండ్రు,” అనెను. పూర్వపు గోడల పునాదిలో తేమ నడ్డగించు పొర లేదట. నేలలోని నీరు ఇటుకలగుండ పైకి ప్రాకును. సున్నపుపూత దానిని మెల్లగా గాలిలోనికి పోనిచ్చును. సిమెంటును నూనెరంగును పోనీయవు. లోపల చిక్కిన నీరు ఉప్పులను వెంటదెచ్చి పూతను పెల్లగించును. సుధ యనగా అమృతమే కాక సున్నమనియు, సౌధమను మాట దానినుండియే పుట్టినదనియు అమరము చెప్పునపుడు నాయనగారు నేర్పిరి. నేర్చితినేగాని గోడదగ్గర ఆ మాట నాకు స్ఫురింపలేదు.

మా గోడ మాది మాత్రమే కాదు. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టమునుబట్టి పునాది, ముఖ్యమైన గోడలు, కప్పు ఎల్లర ఉమ్మడి సొత్తు. వెలుపల గోడవెంబడి వాకిటి సిమెంటును పగులగొట్టవలెనని మేస్త్రి చెప్పగా, స్కూటరు నిలుపుకొను పొరుగువారు ససేమిరా అనిరి. నాలుగిండ్లవారును కూడిన నాడు నేను వాదింపలేదు. విరాటపర్వమును వారి ముందుంచితిని. కొంతసేపటికి ఆ యింటి పెద్దావిడయే, “మూరెడు వెడల్పు చాలునా అమ్మాయీ?” అని యడిగిరి.

సిమెంటు తీసివేసి వేసవిలో గోడను ఎండనిచ్చితిమి. తరువాత ఇసుక కలిపి నూరిన డంగుసున్నములో బెల్లపునీరు, కరక్కాయనీరు పోసి పలుచగా పొరలు పొరలుగా పూసిరి. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లగా రాయివలె గట్టిపడునట, త్వరగా ఎండరాదు. ఇరువది దినములు ఉదయసాయంకాలములు నేనే నీరు చిలికితిని. చేతనున్న సొమ్ము ఆ యొక్క గోడకే చాలినది. మిగిలిన మూడును ఇంకను సిమెంటుతోనే యున్నవి.

నిన్నరాత్రి కుండపోతగా వాన కురిసినది. తెల్లవారగనే అరచేయి ఆనించి చూచితిని. గోడ చల్లగా నుండెనుగాని చేతికి తడి యంటలేదు. అత్తగారు కూడ వచ్చి తాకి చూచి, ఏమియు ననక కాఫీకి నీళ్లు పెట్టిరి. నేను విరాటపర్వము ముందు వేసికొని కూర్చుంటిని. ఇరువది పైచిలుకు పుటలు ఇంకను విడదీయవలసియున్నవి.