వెలుగు ఎవరి కోసం?

సూరత్‌లో తాపీ నదికి అవతల ఉన్న అమ్రోలిలో మగ్గాల షిఫ్టు ముగిసే వేళ రోడ్డంతా సైకిళ్లే. నా పాత కారు హెడ్‌లైట్లు మసకబారాయంటే మెకానిక్ 100/90 వాట్ల బల్బులు వేసుకోమన్నాడు. కంపెనీ ఇచ్చినవి 60/55. వాట్లు పెరిగితే కరెంటూ పెరుగుతుంది: 12 వోల్టుల మీద 100 వాట్లంటే 8 ఆంపియర్ల పైమాటే. సన్నటి వైర్లు వేడెక్కుతాయి, హోల్డర్లు కరుగుతాయి. పోనీ, ఎల్‌ఈడీ? హాలోజన్ ఫిలమెంట్‌కు తగ్గట్టు మలిచిన రిఫ్లెక్టర్‌లో దాని వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. కళ్లు బైర్లు కమ్మితే సైకిల్ మీది మనిషికి గుంతా కనబడదు, లారీ కనబడదు.

నేను పసుపెక్కిన ప్లాస్టిక్ అద్దాలను పాలిష్ చేయించి, అదే వాటేజీలో కొత్త బల్బులు వేయించి, వెలుగు రోడ్డు మీదే పడేలా సరిచేయించాను. ఇప్పుడు దారి తేటగా కనబడుతోంది. హెడ్‌లైట్ మనకు దారి చూపాలి గానీ, ఎదుటివాడి దారి మూసేయకూడదు.